తుమ్ము రాని క్రిస్మస్

రాజోలు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఎవరు తుమ్మినా ఇప్పటికీ జనం నా వైపే చూస్తారు. చర్చిలో ప్రార్థన మధ్య ఎవరో ఒకరు హాచ్చని అనగానే ఆడవాళ్ల బెంచీలన్నీ భుజాలు కదుపుతూ లోలోపల నవ్వుకుంటాయి. తుమ్మింది నేను కాదు, తుమ్మించిందీ నేను కాదు. అయినా ఊళ్లో తుమ్ములన్నిటికీ బాధ్యుణ్ణి నేనే అయి కూర్చున్నాను. ఎందుకయ్యానో చెప్తాను. ఇది పూర్తిగా నా స్వయంకృతం, ఇందులో ఎవరి తప్పూ లేదు. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. మా ఇంట్లోవాళ్లు నవ్వి నవ్వి అలిసిపోయారు, ఇక మీ వంతు.

కొన్నేళ్ల కిందటి మాట. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి, ఇప్పుడూ అదే చెబుతున్నాను. ఊపిరితిత్తుల బొమ్మ పుస్తకం చూడకుండా బోర్డు మీద గీసెయ్యగలను. ఊపిరితిత్తుల బొమ్మ గీయగలిగినవాడికి ఊపిరి గురించి సమస్తం తెలిసినట్టే అని ఆ వయసులో నా గట్టి నమ్మకం. పిల్లలు కూడా తలలూపేవారు. తలూపకపోతే మార్కులు పోతాయని ఊపేవారని అప్పట్లో నాకు తట్టలేదు.

మా అక్క పేరు కృపావతి. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆవిడ వార్డులోకి వస్తే రోగులే కాదు, డాక్టర్లు కూడా సర్దుకుని కూర్చుంటారట. అంతటి మనిషికి దుమ్ము పడదు. ముందు తుమ్ములు, తర్వాత కళ్లు ఎర్రబడడం, ఆ తర్వాత ఆయాసం. అంతకుముందు ఏడాది క్రిస్మస్‌కి అక్క వస్తోందన్న సంతోషం పట్టలేక నేను ఇంటికి కొత్త రంగులు వేయించాను. అక్క గుమ్మం దాటి గంట కాలేదు, రంగు వాసనకి ఆయాసం పట్టుకుంది. వచ్చిన కారులోనే వెనక్కి వెళ్లిపోయింది. అమ్మ ఆ పండగంతా ఒక్క ముద్ద నోట్లో పెట్టలేదు. అక్క కోసం చేసిన బిర్యానీ గిన్నెతో సహా పక్కింటివాళ్లకి ఇచ్చేసింది. 

మళ్లీ డిసెంబరు వచ్చింది. మొదటి ఆదివారం చర్చి నుంచి నడిచొస్తూ అమ్మ అంది:

"ఒరేయ్ బాబ్జీ, నాకు చీరా వద్దు, సారే వద్దు. పండగనాడు పొద్దున్న నా కూతురు నా పక్కన కూచుని కాఫీ తాగాలి. అంతే. ఈసారి కూడా అది మధ్యలో వెళ్లిపోయిందనుకో, నేనూ దాంతోపాటే కారెక్కేస్తాను."

"అమ్మా, ఈసారి చూడు. మన ఇంట్లో గాలి పీల్చుకోడానికి విశాఖపట్నం నుంచి రోగులొస్తారు."

"రోగులొద్దురా నాయనా, నా కూతురొస్తే చాలు" అంది అమ్మ.

ఇంక నేను రంగంలోకి దిగాను. ఫోనులో చదవగలిగినంత చదివాను. ఇంట్లో దుమ్ము దాక్కునే చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. దూది పరుపులు, బూరుగు దూది దిండ్లు, కర్టెన్లు, దుప్పట్లు, అమ్మకి ప్రాణమైన ప్లాస్టిక్ గులాబీలు, గోడ మీద గుడ్డ పటాలు అన్నీ ఒక్కొక్కటే మోసుకెళ్లి పెరట్లో గేదెల పాకలో పడేశాను. మా పాక గురించి చెప్పాలంటే, పైన రేకులు, కింద సిమెంటు నేల, మూడు వైపులా గోడల్లేవు. ఒక చివర మా గేదె బుజ్జి ఉంటుంది. మిగతా చోటంతా ఖాళీ. ఇంట్లో తిరిగే మా కుక్క రాజుని కూడా మెడ పట్టుకుని అక్కడికే పంపించేశాను.

మా ఆవిడ సుగుణ నడుం మీద చెయ్యేసుకుని చూస్తోంది.

"ఏవండీ, దుమ్ముంటే ఉతుక్కుంటాం, ఎండలో వేసుకుంటాం. ఇలా పారేస్తారేంటండీ ఎవరన్నా?"

"సుగుణా, నీకు తెలీదు. దుమ్ములో కంటికి కనిపించని పురుగులుంటాయి. ఒక్కోదానికి ఎనిమిదేసి కాళ్లు."

"కంటికి కనిపించనివాటి కాళ్లు మీరెలా లెక్కెట్టేరు?"

చదువు లేనివాళ్లతో వాదన ఎందుకని ఇంకో దిండు ఎత్తుకుని పాక వైపు నడిచాను. సుగుణ ఎమ్మెస్సీ అన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఇల్లు ఖాళీ అయింది. మాట్లాడితే ప్రతిధ్వని వస్తోంది. మరి అక్క ఎక్కడ పడుకోవాలి? దేని మీద కూర్చోవాలి? ఇక్కడే నా తెలివి పూర్తిగా వికసించింది.

మా కోనసీమవాళ్ల గురించి మీకొక మాట చెప్పాలి. మేము అందర్నీ అనుమానిస్తాం. ప్యాకెట్ పాలని అనుమానిస్తాం, పక్క ఊరి చేపని అనుమానిస్తాం, కాకినాడ నుంచి వచ్చిన పెళ్లి సంబంధాన్ని మూడు తరాల దాకా తవ్వి మరీ అనుమానిస్తాం. కానీ కొబ్బరిని మాత్రం కలలో కూడా అనుమానించం. పుట్టిన పిల్లకి కొబ్బరినూనె, జ్వరమొస్తే కొబ్బరినీళ్లు, తుడవడానికి కొబ్బరి ఈనెల చీపురు, పొయ్యిలోకి కొబ్బరి మట్టలు. కొబ్బరిచెట్టు మనిషికి హాని చేస్తుందని ఎవరన్నా అంటే, కాయ నెత్తిన పడ్డవాడు కూడా ఒప్పుకోడు. నేనూ ఆ నేల మీద పుట్టినవాణ్ణే కదా. నేరుగా కొబ్బరి పీచు మిల్లు నడిపే సత్తిబాబు దగ్గరికెళ్లాను.

"రండి మాస్టారూ, పరుపు కావాలాండి? రబ్బరు పాలు కొట్టి అదిమిన పరుపులున్నాయండి. పొట్టు రాలదు, ఏమీ రాలదు."

"రబ్బరా? వద్దొద్దు, మందుల వాసనొస్తుంది. నాకు ఏమీ కలపని అసలు పీచు కావాలి. ఇంట్లోనే పరుపు కుట్టిస్తాను."

సత్తిబాబు తల గోక్కున్నాడు. "ఉత్త పీచంటే పొట్టు బాగా రాల్తాదండి. పైగా ఇక్కడున్నది వానలప్పట్నుంచీ పడుందండి. కాస్త చెమ్మ వాసన కూడా..."

"ప్రకృతి సహజం, సత్తిబాబుగారూ! అది భూమి వాసన."

"ఆయ్, చదువుకున్నోరు, మీకు తెలీదాండీ" అని నాలుగు బస్తాలు ఆటోలో ఎక్కించేశాడు. ఆ మనిషి చెప్పాల్సింది చెప్పాడు. నేనే వినలేదు. ఈ ముక్క ఎందుకు రాస్తున్నానంటే, ఆ తర్వాత కొన్నాళ్లు తప్పంతా సత్తిబాబు మీదకి నెట్టడానికి నేను చాలా ప్రయత్నించాను.

రెండు బస్తాల పీచు ముతక గుడ్డలో కూరి అక్కకి పరుపు కుట్టించాను. గదికొక పీచు చాప, గుమ్మానికొక పీచు పట్టా. క్రిస్మస్ చెట్టు పెట్టాలి కదా, ఏటా తెచ్చే సరుగుడు కొమ్మకి దుమ్ముంటుందని మానేసి, కుండీలో మొలకెత్తిన కొబ్బరి మొక్క పెట్టి దానికి లైట్లు చుట్టాను. చెట్టు కింద మంచులా పరిచే దూది కూడా నిషేధమే కాబట్టి, ఆ బదులు కొబ్బరి పొట్టు రెండు గంపలు పోశాను.

"మంచు తెల్లగా ఉంటుంది కదండీ?" అంది సుగుణ.

"ఎక్కడో చలిదేశాల్లో తెల్లగా ఉంటుంది. మన ఊళ్లో పడితే ఈ రంగులోనే పడుతుంది."

అమ్మ ఆ చెట్టుని అటు తిరిగి ఇటు తిరిగి చూసింది. "నర్సరీలా ఉందిరా" అంది. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

ఇరవై రెండో తారీకు మధ్యాహ్నం అక్క వచ్చింది. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చి చూసింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టాం.

"రంగు వాసన లేదు. కర్టెన్లు తీసేసేవే! దూది పరుపులు కూడా లేవే! ఎవరు చెప్పేర్రా నీకు ఇవన్నీ?"

"సొంత బుర్రే అక్కా."

"ఎప్పుడూ లేంది" అని నవ్వింది. అమ్మ ముఖంలో ఆ వెలుగు చూసి నాకు కళ్లు చెమర్చాయి. పీచువల్ల కూడా అయ్యుండొచ్చు, ఇప్పుడు ఆలోచిస్తే.

భోజనం చేసి అక్క కొత్త పరుపు మీద నడుం వాల్చింది. పైన మూడు కొత్త దుప్పట్లు పరిచాను కాబట్టి లోపల ఏముందో ఆవిడకి తెలియదు. "అలర్జీ రాని పరుపక్కా" అన్నాను. ఏదో కంపెనీది అనుకుంది. పావుగంటకి మొదటి తుమ్ము వినిపించింది. వరసగా ఏడు. వంటింట్లో అమ్మ చేతిలో గరిట అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మా కృపా?"

"ఏం లేదమ్మా, ప్రయాణపు దుమ్మేమో."

నేను వెంటనే నేరస్థుణ్ణి పట్టేశాను. పెరట్లో రాజు తోక ఊపుతున్నాడు! తోక ఊపితే బొచ్చు గాల్లో ఎగిరి కిటికీలోంచి వస్తోందని తేల్చి, పాకలో అవతలి చివర కట్టేశాను. తుమ్ములు తగ్గలేదు. సాయంత్రం గుమ్మానికి కట్టిన బంతిపూల మీద అనుమానం వచ్చింది, తెంపి పారేశాను. మర్నాడు పొద్దున్న అమ్మ రాసుకునే పౌడరు మీదకి వెళ్లింది నా చూపు.

"అరవై ఏళ్ల నుంచి రాసుకుంటున్నాన్రా ఈ పౌడరు!"

"అరవై ఏళ్ల నుంచి రాసుకున్న పౌడరు ఒంటిమీద ఎంత పేరుకుపోయి ఉంటుందో ఆలోచించమ్మా."

అమ్మ పాపం డిసెంబరు చలిలో రెండోసారి స్నానం చేసి వచ్చింది. కూతురు ఉంటుందంటే గోదాట్లో మునిగి రమ్మన్నా వెళ్లేది. తల తుడుచుకుంటూ అక్క గది ముందు నిలబడి చెవి ఒగ్గి వింది. లోపల్నుంచి మళ్లీ మూడు తుమ్ములు. అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ సాయంత్రం చర్చివాళ్లు డప్పులతో, గిటారుతో, ఎర్ర బట్టల క్రిస్మస్ తాతతో పాటలు పాడుకుంటూ మా ఇంటికొచ్చారు. దాదాపు నలభై మంది. ఊరంతా తిరిగిన కాళ్లు. నేను గుమ్మం మీద చేతులు అడ్డంగా చాపి నిలబడ్డాను.

"కాళ్లు తుడుచుకోకుండా ఒక్కరు రాకూడదు! పీచు పట్టా మీద ఒక్కొక్కరు పదేసి సార్లు!"

"పదిసార్లాండీ మాస్టారూ?"

"లెక్కపెడుతున్నాను!"

నలభై మంది, ఎనభై కాళ్లు, పదేసి సార్లు. లెక్క మీరు వేసుకోండి. ఆఖరువాడు తుడుచుకునేసరికి గుమ్మంలో గోధుమరంగు పొగమంచు లేచింది. తాతగారి తెల్ల గడ్డం సగం ఎర్రబడింది. మొదటి పాట మొదటి చరణం కాకుండానే గిటారు కుర్రాడు తుమ్మాడు, తర్వాత డప్పువాడు, తర్వాత వరసగా ఆడపిల్లలు. లోపల గదిలోంచి అక్క కూడా తుమ్ముతోంది. పాట కంటే తుమ్ములే తాళంలో పడ్డాయి.

మర్నాడు ఇరవై నాలుగు. అక్క కళ్లు మందారాల్లా ఉన్నాయి. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నర్సు గొంతుతో అడిగింది.

"బాబ్జీ, నిజం చెప్పు. ఇంట్లోంచి ఏమేం తీసేసేవు?"

నేను చాలా గర్వంగా కాగితం చూసి చదివాను. పరుపులు, దిండ్లు, కర్టెన్లు, పూలు, కుక్క, పౌడరు. అక్క ఒక్కోదానికీ తలూపింది. "అన్నీ సరిగ్గానే చేసేవు కదరా. మరి నాకెందుకిలా?" అంది. చూశారా, ఏం తీసేశావని అడిగింది గానీ ఏం పెట్టావని అడగలేదు. అడిగుంటే ఈ కథ అక్కడితో ఆగిపోయేది, నా పరువు కూడా కొంత మిగిలేది.

సుగుణ నన్ను వంటింట్లోకి లాగింది. "ఏవండీ, నా మాట వినండి. ఆ పరుపు..."

"పరుపు గురించే నేనూ ఆలోచిస్తున్నాను. పల్చగా ఉన్నట్టుంది. నేల చెమ్మ తగులుతోంది అక్కకి."

"అయ్యో, అది కాదండీ..."

విన్నానా? వినలేదు. అక్క అమ్మతో వీధరుగు మీద కూర్చుని ఉండగా గదిలోకెళ్లి, మూడో బస్తా పీచు కూడా పరుపులోకి కూరి, కర్ర తీసుకుని పరుపుని మెత్తబడేదాకా దులిపాను. కిటికీలు మూసే ఉంచాను, బయటి దుమ్ము లోపలికి రాకూడదు కదా మరి. లోపల నాకే తొమ్మిది తుమ్ములు వచ్చాయి. పడిశం పట్టిందనుకున్నాను.

మధ్యాహ్నం అక్క పడుకుంది. ఈసారి తుమ్ములు లెక్కపెట్టడం కూడా కుదరలేదు. పది నిమిషాల్లో గుండె పట్టుకుని బయటికొచ్చి, సంచీలోంచి ఇన్‌హేలర్ తీసి పీల్చి, గోడకి ఆనుకుని నిలబడింది. ఊపిరి కుదుటపడ్డాక మెల్లగా అంది:

"అమ్మా, నేను వెళ్లిపోతాను. పండగపూట ఇక్కడ ఆసుపత్రి పాలైతే నీకే బాధ."

అమ్మ గిరుక్కున తిరిగింది. లోపలికెళ్లింది. తన బట్టలు రెండు సంచీలో పెట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని వచ్చి అక్క పక్కన నిలబడింది.

"అమ్మా, నువ్వెక్కడికి?" అన్నాను.

"చెప్పేను కదరా" అంది అమ్మ. కోపం లేదు ఆ గొంతులో. కోపముంటే బావుండేది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కారుకి ఫోన్ చేశాను.

కారు రావడానికి అరగంట పడుతుందన్నారు. ఇంట్లో నిలబడలేక అక్క గాలి కోసం పెరట్లోకి నడిచింది. వెనకాలే అమ్మ, సుగుణ. నేను ముఖం చెల్లక ముందు గుమ్మంలోనే ఉండిపోయాను. అరగంటకి కారొచ్చి హారన్ కొట్టింది. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టాడు. సుగుణ పరుగెత్తుకొచ్చి పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఆపమనండి! వదిన నిద్రపోతోంది!"

"ఎక్కడ?"

"పాకలో."

వెళ్లి చూశాను. నేను పారేసిన పాత దూది పరుపు మీద, పారేసిన బూరుగు దిండు పెట్టుకుని, పారేసిన దుప్పటి కప్పుకుని అక్క హాయిగా గుర్రు పెడుతోంది. కాళ్ల దగ్గర రాజు చుట్ట చుట్టుకుని పడుకున్నాడు. తల వైపు కాస్త దూరంలో బుజ్జి నెమరేస్తోంది. ఒక్క తుమ్ము లేదు. ఆయాసం లేదు. అమ్మ పక్కన పీట వేసుకుని ఈగలు వాలకుండా విసురుతోంది. కారుని పంపించేశాను.

అక్క మూడు గంటలు పడుకుని లేచింది. "సుగుణా, ఎన్నాళ్లకి ఇంత నిద్ర పట్టిందే! ఏం పరుపిది?"

"మన పాత పరుపే వదినా. ఈయన పారేసిన రోజు నుంచీ కవర్లు ఉతికి, రోజూ ఎండలో వేస్తున్నాను. దుప్పట్లూ, దిండ్లూ అంతే. కుక్కకి కూడా రెండుసార్లు స్నానం చేయించేను."

"మరి లోపల నేను పడుకున్నదేంటి?"

ముగ్గురూ నా వైపు తిరిగారు. బుజ్జి కూడా నెమరు ఆపినట్టు నాకనిపించింది.

అక్క ముక్కుకి కొంగు చుట్టుకుని, కత్తెర పట్టుకుని తన గదిలోకి నడిచింది. పరుపు మూల ఒక్క కత్తిరింపు వేసింది. చెమ్మ వాసనతో పొట్టు భస్సుమని పైకి లేచింది. వెంటనే బయటికొచ్చేసింది.

"ఒరేయ్! ఇంట్లో దుమ్మంతా పాకలోకి మోసి, మిల్లులో దుమ్మంతా ఇంట్లోకి మోసేవా! ఎవరు నేర్పేర్రా నీకు జీవశాస్త్రం?"

"అది కొబ్బరక్కా..." అన్నాను.

"కొబ్బరైతే? దానికి బూజు పట్టదా? పొట్టు ముక్కులోకి పోదా? కాయ చూసి దణ్ణం పెడతావా?"

ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి గాలాడేసరికి రెండు రోజులు పడుతుందని తేలింది. అక్క సంచీ తెచ్చి పాకలో కొక్కేనికి తగిలించింది. "నేనిక్కడే ఉంటాను. ఇంట్లోకి మాత్రం అడుగు పెట్టను" అంది. అమ్మ తన సంచీ కూడా పక్కనే తగిలించింది. దాంతో పండగ మొత్తం పాకలోకి దిగింది. నేను వీధిలో కట్టిన పెద్ద నక్షత్రం లాంతరు విప్పి తెచ్చి పాక రేకులకి వేలాడదీశాను. సుగుణ పొయ్యి అక్కడికే మార్చింది.

క్రిస్మస్ పొద్దున్న అమ్మ, అక్క ఒకే పరుపు మీద పక్కపక్కనే కూర్చుని కాఫీ తాగారు. అమ్మ కాఫీ తాగుతున్నంతసేపూ అక్క చెయ్యి వదల్లేదు. ఏడాది తర్వాత అమ్మ అలా నవ్వడం చూశాను. నాకు మాత్రం కాఫీ ఇవ్వలేదు, బుజ్జికి కుడితి పెట్టే పని ఇచ్చారు.

అప్పుడే పాస్టరుగారు మమ్మల్ని ఆరాధనకి పిలుచుకెళ్దామని వచ్చారు. ఇంటి తలుపులు మూసి ఉండటంతో నక్షత్రం చూసుకుంటూ పెరట్లోకి వచ్చి ఆగిపోయారు. పాక చూశారు. గేదెని చూశారు. పరుపు మీద దూరాన్నుంచి వచ్చిన ఆడపడుచుని చూశారు. సంగతంతా అమ్మని అడిగి తెలుసుకున్నారు. గంభీరంగా గొంతు సవరించుకున్నారు.

"ప్రభువు పుట్టిన రాత్రి ఆయన తల్లిదండ్రులు సత్రంలో చోటు లేకపోతే పశువుల పాకలో దిగేరని ముప్పయ్యేళ్లుగా ప్రసంగం చెబుతున్నానండి. ఆ సత్రంవాడు అసలెలాంటి మనిషై ఉంటాడా అని ప్రతి ఏడూ ఆలోచిస్తానండి" అని నా వైపు తిరిగారు. "ఇవాళ తెలిసిందండి, ఆయ్. దుర్మార్గుడేం కాదండి. జీవశాస్త్రం మాస్టారై ఉంటాడండి."

అదే మాట గంట తర్వాత చర్చిలో మైకులో కూడా చెప్పారు.

కాబట్టి పెద్దలందరి ఎదుటా, మా అమ్మ బైబిలు మీద చెయ్యి పెట్టి, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. బంధువులు రావచ్చు, పండగలు చేసుకోవచ్చు, తుమ్మొస్తే తుమ్ముకోవచ్చు. నేను మాత్రం ఈ బతుకులో ఇంకెవరి ఆరోగ్యమూ కాపాడను.